డ్వార్ఫు మంత్రవిద్య ఎందుకు నేర్వరాదు?

1974వ సంవత్సరం జనవరిలో, అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుండి మూడు చిరుపొత్తాలు ఒక అట్టపెట్టెలో అమ్మకానికి వచ్చాయి. కూర్చినవారు గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్. ఆ పెట్టె పేరు డన్జన్స్ అండ్ డ్రాగన్స్. ఇవాళ కంప్యూటర్ల మీదా, ఫోన్ల మీదా ఆడే పాత్రధారణ ఆటలన్నిటికీ మూలపురుషుడు ఇదే అనుకోవచ్చు. ఆ ఆటలో, దాని సంతానంలో, యాభై ఏళ్ళుగా తెగని తగువు ఒకటుంది. ఆడేవాడు తనకిష్టమైన పాత్రను కల్పించుకోవచ్చునా, లేక ఆ లోకపు ఐతిహ్యం ఒప్పుకున్న పాత్రలోనే ఒదగాలా? ఈ తగువు చరిత్రను నాకు తెలిసినంతలో చెప్పాలని ఈ ప్రయత్నం.

ఈ ఆట ఎరుగని చదువరుల కోసం రెండు ముక్కలు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. వారిలో ఒకరు సూత్రధారి. లోకం, అందులోని ఊళ్ళు, శత్రువులు, వానా వరదా అన్నీ ఆయన చేతిలో ఉంటాయి. తక్కినవారు తలా ఒక పాత్రను ధరిస్తారు. మన పద్యనాటకంలో అర్జునుడి వేషం కట్టినవాడికి పద్యం ముందే రాసి ఉంటుంది. ఇక్కడ పద్యమూ లేదు, కథ ముగింపూ లేదు. “నేను తలుపు బద్దలు కొడతాను” అని ఆటగాడు అంటే పాచికలు దొర్లుతాయి, తలుపు విరిగిందో భుజం విరిగిందో తేలుతుంది. అయితే ఆట మొదలవక ముందే తేలవలసినది ఒకటుంది: నువ్వెవరు? ఏ జాతివాడివి, ఏ వృత్తివాడివి? తగువంతా ఆ గడప దగ్గరే.

1974 నాటి నియమాల ప్రకారం డ్వార్ఫు యోధుడు మాత్రమే కాగలడు, అదీ ఆరవ అంచె వరకే. హాబిట్‌కు నాలుగవ అంచెతో సరి. ఎల్ఫు యోధుడుగా నాలుగు, మాంత్రికుడుగా ఎనిమిది అంచెలు ఎక్కవచ్చు. మనుష్యుడికి మాత్రం హద్దు లేదు. (హాబిట్ అన్న మాట టోల్కీన్ రచనల నుండి ఎత్తుకున్నది. హక్కుదారులు అభ్యంతరం చెప్పిన మీదట 1977లో అది హాఫ్లింగ్ అయింది. ఐతిహ్యం పెట్టే ఆంక్షలలో వకీళ్ళు పెట్టేవీ ఉంటాయన్నమాట.)

ఇంత బిగించి కట్టిన ఆ పుస్తకమే, రెండడుగుల దూరంలో, ఆటగాడు దాదాపు ఏ జీవిగానైనా ఆడవచ్చునని అనుమతి ఇస్తుంది. షరతు ఒక్కటే: బలహీనుడుగా మొదలై క్రమంగా ఎదగాలి. డ్రాగన్‌గా ఆడతానంటే ఆడనివ్వండి, కాని పిల్ల డ్రాగన్‌గా మొదలుపెట్టించండి అని దాని సారాంశం. డ్వార్ఫుకు మంత్రం లేదు కాని డ్రాగన్‌గా పుట్టడానికి అభ్యంతరం లేదు! పొరపాటున దొర్లిన వైరుధ్యం కాదిది. అచ్చుకు ముందు ఆ ఆట నడిచిన తీరే అంత. ఆర్నెసన్ నడిపిన బ్లాక్‌మూర్ అనే లోకంలో ఒక ఆటగాడి పాత్ర రక్తం తాగే వాంపైర్‌గా మారింది. సర్ ఫ్యాంగ్ అని దాని పేరు. అతడి బలం పెరిగిపోయి తక్కినవారికి ఊపిరాడకపోతే, అతడిని ఎదిరించగల పాత్రగా మతగురువు అనే కొత్త వృత్తిని కల్పించారు. నేటికీ ఆ ఆటలో క్లెరిక్ అన్న వృత్తి ఉంది. అది పురాణం నుండో ఐతిహ్యం నుండో దిగివచ్చింది కాదు. ఒకడి స్వేచ్ఛకు పగ్గం వేయడానికి బల్ల దగ్గర, అప్పటికప్పుడు పుట్టినది. దానికి దేవుళ్ళూ గుళ్ళూ స్తోత్రాలూ తరువాత సమకూరాయి.

నియమం ముందు, ఐతిహ్యం వెనుక. ఈ వరుసను గుర్తుపెట్టుకోమని మనవి. ఆంక్షలను సమర్థించేవారు సాధారణంగా దీన్ని తలకిందులుగా చెబుతారు. “ఆ లోకంలో అంతే, మేమేం చేయగలం?” అంటారు. లోకం ఎవరో రాసినదే కదా!

1978లో అడ్వాన్స్‌డ్ డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఆటగాళ్ళ పుస్తకం వచ్చేసరికి ఆంక్షలు పట్టికలుగా గడ్డకట్టాయి. పాలడిన్ అనే ధర్మయోధుడు మనుష్యుడే కావాలి. డ్వార్ఫు యోధుడు ఎంత బలశాలి అయినా తొమ్మిదవ అంచె దగ్గర ఆగాలి. ఎల్ఫు మాంత్రికుడు, బుద్ధిబలం పరాకాష్ఠలో ఉన్నా, పదకొండు దాటరాదు. దొంగ వృత్తికి మాత్రం చాలా జాతులకు హద్దు లేదు. (ఏ లోకంలోనైనా అంతే కాబోలు.)

ఎందుకిలా అన్నదానికి గైగాక్స్ దాపరికం లేకుండానే జవాబు చెప్పాడు. 1979లో వచ్చిన సూత్రధారుల పుస్తకంలో, రాక్షసజీవులుగా ఆడతామనే వారి గురించి ఒక ప్రత్యేక భాగమే ఉంది. ఆడేవారూ మనుషులే, రాసేవారూ మనుషులే, కనుక లోకం మనుష్యకేంద్రంగానే ఉండాలి, వేరొక జాతి కేంద్రంగా లోకాన్ని నిర్మించడం మన శక్తికి మించిన పని అన్నది ఆయన వాదం. రాక్షసజీవిగా ఆడతానన్నవాడి చూపు ఎక్కువగా దాని బలం మీదే ఉంటుందని కూడా ఆయన అనుమానం. ఆ అనుమానంలో నిజం లేకపోలేదు. చీకటిలో చూడగల, విషానికి లొంగని, రెండు వృత్తులు కలిపి చేయగల జాతి ఊరకే దొరుకుతూ ఉంటే మనుష్యుడిగా ఎవడు ఆడతాడు? అందుకని పైమెట్టు దగ్గర గోడ కట్టారు. లెక్కల దృష్టితో చూస్తే సబబే. ఐతిహ్యం దృష్టితో చూస్తేనే చిక్కు. ఆ లోకంలో డ్వార్ఫు ఆయుర్దాయం మూడు వందల ఏళ్ళ పైమాట, ఎల్ఫుది వెయ్యేళ్ళ పైమాట. వెయ్యేళ్ళు బతికేవాడు పదకొండవ మెట్టు దగ్గర ఆగిపోయి, అరవై ఏళ్ళ మనుష్యుడు వాణ్ణి దాటిపోతాడా? ఐతిహ్యాన్ని నిజంగా నమ్మితే లెక్క తిరగబడాలి. ఆ గోడ లోకం కట్టినది కాదు, లోకం మీద కట్టినది.

1978 ఆటగాళ్ళ పుస్తకంలో ఇంకొక పట్టిక ఉంది. మనుష్య స్త్రీ యోధురాలికి ఉండగల గరిష్ఠ బలం, పురుషుడి గరిష్ఠ బలం కంటే తక్కువగా నిర్ణయించారు. తక్కిన జాతుల స్త్రీలకూ అలాగే వేరు వేరు హద్దులు. పిల్ల డ్రాగన్‌కు చోటున్న ఆటలో భీమబలం గల ఒక స్త్రీకి చోటు లేదు. దీనికి ఐతిహ్యపు ఆధారం ఏమీ చూపలేదు. చూపవలసిన అవసరం ఉందని కూడా అనుకోలేదు. 1989లో వచ్చిన రెండవ కూర్పులో ఆ పట్టిక మాయమైంది. అది పోయినందువల్ల ఏ లోకమూ కూలిపోలేదు.

డ్వార్ఫుకు మంత్రం లేదన్న నిషేధం మాత్రం వేరే రకం. డ్వార్ఫుల స్వభావమే మంత్రానికి అంటనిది, అందుచేత వారు మంత్రం వేయలేరు, అదే కారణంగా వారి మీద వేసిన మంత్రం కూడా అంత సులువుగా పారదు అని 1978 పుస్తకం చెబుతుంది. ఒక చేత్తో తీసుకున్నది ఇంకొక చేత్తో ఇచ్చింది. ఆ జాతి ఎటువంటిదో ఒక్క వాక్యంలో బొమ్మ కట్టింది. నేను ఈ ఆటలను మొదట ఎరిగినది కెనడాకు చెందిన బయోవేర్ వారు 1998లో విడుదల చేసిన బాల్డర్స్ గేట్ ద్వారా. డ్వార్ఫును ఎంచుకుని మాంత్రికుణ్ణి చేద్దామని చూస్తే ఆ వృత్తి ఎంపికకు లొంగలేదు. ఎన్నిసార్లు నొక్కినా అంతే. చిరాకు పడ్డ మాట వాస్తవమే. కాని చిరాకు ఆంక్ష మీద కాదు, కారణం చెప్పకపోవడం మీద. బల్ల దగ్గర సూత్రధారి ఉంటే “ఎందుకు?” అని అడగవచ్చు, బతిమాలవచ్చు, బేరమాడవచ్చు. యంత్రంతో బేరమేముంది?

ఇక ఈ చరిత్రలో నాకు అన్నిటికంటె ఇష్టమైన ఘట్టం. 1975లో, గైగాక్స్ కంపెనీయే ఎంపైర్ ఆఫ్ ది పెటల్ థ్రోన్ అనే మరొక ఆటను అచ్చువేసింది. దాని కర్త ఎం.ఎ.ఆర్. బార్కర్ మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో దక్షిణాసియా భాషల ఆచార్యుడు. 1951లో మన దేశం వచ్చి, ఇక్కడే ఇస్లాం స్వీకరించాడు. ఉర్దూకు, బలూచీకి పాఠ్యగ్రంథాలు రాశాడు. అమెరికా ఆదివాసుల క్లామత్ భాషకు వ్యాకరణం కూర్చాడు. ఇటువంటి మనిషి ఊహాలోకం సృష్టిస్తే ఎలా ఉంటుంది? టేకుమెల్ అనే ఆ లోకానికి సొంత భాషలున్నాయి, లిపి ఉంది, వంశావళులున్నాయి, దేవతాగణాలున్నాయి. ఎవరి ఎదుట ఏ సర్వనామం వాడాలన్నదానికి కూడా కట్టుబాట్లున్నాయి. (మీరు, నువ్వు, తమరు వాడే మనకు ఇది వింత కాదు గాని, ఒక్క ‘యూ’తో గడిపేసే వారికి పెద్ద పరీక్షే.) ఎల్ఫులూ డ్వార్ఫులూ అసలే లేరు. ఇంత ఐతిహ్యాన్ని మోసుకొచ్చి, ఏమీ తెలియని కుర్రాళ్ళ ముందు పెట్టి, పాత్రలు తయారుచేసుకోమంటే ఏం చేస్తారు?

బార్కర్ చేసినది చూడండి. ఆటగాళ్ళందరూ దూరదేశం నుండి ఒక చిన్న పడవలో జకాల్లా అనే రేవుపట్నానికి వచ్చిన పరదేశులు. వారికి ఆ నగరం ఆచారాలు తెలియవు, మర్యాదలు తెలియవు. విదేశీయుల పేటలోనే ఉండాలి, యథేచ్ఛగా తిరగరాదు. ఎవరో ఒక పెద్దమనిషి పనికి పిలిస్తే ఆ పని చేసి, మెల్లమెల్లగా నేర్చుకుని, ఆ సమాజంలో చోటు సంపాదించుకోవాలి. ఆటగాడి అజ్ఞానమూ పాత్ర అజ్ఞానమూ ఒకటే అయిపోయాయి. ఐతిహ్యం చదివి అప్పజెప్పవలసిన పాఠంగా కాక, తిరిగి తెలుసుకోవలసిన ఊరుగా మారింది. ఆంక్ష అత్యంత కఠినం, అయినా ఆటగాడికి అవమానం లేదు. ఇంత చక్కని ఉపాయం ఆ తరువాతి యాభై ఏళ్ళలో నాకు మరొకటి కనిపించలేదు.

ఇక్కడ ఒక చేదు మాట దాచడం న్యాయం కాదు. బార్కర్ 2012లో మరణించాడు. 1991లో మారుపేరుతో వెలువడిన ఒక నాజీ అనుకూల నవల ఆయన రాసినదేనని, ఆయన సాహిత్యాన్ని నిర్వహించే టేకుమెల్ ఫౌండేషన్ 2022లో ఒప్పుకుంది. పరదేశిని పడవ దింపి, ఒక్కొక్క మెట్టూ ఎక్కించి పౌరుణ్ణి చేసే ఆటను రాసిన చెయ్యే ఆ నవలనూ రాసింది. రెంటినీ ఎలా కలిపి చదువుకోవాలో ఎవరికి వారే తేల్చుకోవాలి. నేను ఆ పడవ ఉపాయాన్ని మెచ్చుకోవడం మానలేదు. ఆ లోకంలో ఎవరిని నీచులుగా చిత్రించారో, ఎందుకు చిత్రించారో మాత్రం ఇప్పుడు రెండోసారి చూస్తున్నాను.

ఎందుకంటే ఐతిహ్యం పేరుతో జరిగే పనుల్లో అదొకటి. 1978లో వచ్చిన కథాపుస్తకాలలో డ్రౌ అనే నల్లని ఎల్ఫులు కనబడ్డారు. నేల అడుగున ఉంటారు, జాతి జాతంతా దుర్మార్గులు. 1985లో ఆటగాళ్ళు డ్రౌ పాత్రలు ధరించడానికి అనుమతి వచ్చింది. ఆర్.ఎ. సాల్వటోర్ 1988లో అచ్చయిన తన మొదటి నవల రాస్తూ, నాయకుడి పక్కన ఒక తోడు పాత్ర కావలసివచ్చి, సంపాదకురాలితో ఫోనులో మాట్లాడుతూ అప్పటికప్పుడు ఒక డ్రౌను చెప్పాడు. అతడే డ్రిస్ట్. తన జాతి క్రౌర్యాన్ని వదిలి పైకి వచ్చినవాడు. తోడు పాత్ర నాయకుణ్ణి మింగేసింది. నవలలు పెట్టెలకొద్దీ వచ్చాయి, ప్రతి బల్ల దగ్గరా ఒక ఒంటరి మంచి డ్రౌ తయారయ్యాడు. సూత్రధారులు తలలు పట్టుకున్నారు. జాతంతా చెడ్డదైతే ఇంతమంది మంచివాళ్ళెక్కడివాళ్ళు? నన్నడిగితే ఆ కుర్రాళ్ళది అనుకరణే కావచ్చు గాని ప్రశ్న అసలైనది. పుట్టుకను బట్టి ఒక జాతినంతా దుర్మార్గమని రాసిన ఐతిహ్యాన్ని, ఒక్కొక్క పాత్రా వచ్చి కాదని పోయింది. 2020 జూన్‌లో ప్రచురణకర్తలైన విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ వారే, డ్రౌలనూ ఓర్క్‌లనూ చిత్రించిన తీరు నిజలోకంలో కొన్ని జాతులను కించపరచిన తీరును గుర్తుకు తెచ్చేదిగా ఉందని బాహాటంగా ఒప్పుకున్నారు.

ఆ విజార్డ్స్ వారు 1997లో పాత కంపెనీని కొన్నారు. 2000లో మూడవ కూర్పు తెస్తూ అంచెల హద్దులనూ, జాతికి వృత్తికి మధ్య గోడలనూ ఒక్క కలంపోటుతో కొట్టేశారు. డ్వార్ఫు మాంత్రికుడు పుట్టాడు. సంతోషమే. కాని డ్వార్ఫు మీద మంత్రం సులువుగా పారదన్న వరం అలాగే ఉండిపోయింది. లోటు పోయింది, లోటుకు బదులిచ్చిన లాభం మాత్రం మిగిలింది. బొమ్మలో ఒక గీత చెరిగితే రెండవ గీతకు అర్థం పోతుందని ఎవరూ పట్టించుకోలేదు. ఇరవై ఆరేళ్ళుగా నాకు ఈ చిన్న దిగులు అలాగే ఉంది.

ఆ తరువాత గాలి పూర్తిగా మారింది. మునుపు ఐతిహ్యానికి పాత్ర ఒదిగేది, ఇప్పుడు పాత్రకోసం ఐతిహ్యాన్ని కోయసాగారు. 2008లోని నాలుగవ కూర్పులో డ్రాగన్‌బార్న్ అనే జాతి ఆటగాళ్ళ మొదటి పుస్తకంలోనే చేరింది. మరి ఫర్‌గాటెన్ రెల్మ్స్ అనే పాత లోకంలో వాళ్ళ దేశం ఏది? కథాకాలాన్ని సుమారు వందేళ్ళు ముందుకు తోసి, మహోపద్రవం ఒకటి సృష్టించి, ఉంథెర్ అనే దేశం ఉన్నచోట వేరే ప్రపంచపు ముక్కను తెచ్చి దించి, దానికి టైమంథర్ అని పేరు పెట్టారు. ఒక దేశాన్ని, దాని జనంతో సహా, పాత్రల జాబితాలో ఒక పేరు చేర్చడానికి తుడిచేశారు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లోనూ ఇటువంటిదే. 2004లో ఆట మొదలైనప్పుడు పాలడిన్‌లు ఒక పక్షానికే, షామన్‌లు రెండవ పక్షానికే. 2007 జనవరిలో రెండు పక్షాలకూ రెండూ ఇవ్వడానికి కొత్త జాతులను తెచ్చారు. అందులో డ్రేనై జాతి పూర్వకథ తాము మునుపు రాసిన కథతోనే పొసగలేదు. ప్రధాన కథకుడు క్రిస్ మెట్జెన్ పాత కథను సరిచూసుకోలేదని బహిరంగంగా ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీ నాకు నచ్చింది. ఆటగాళ్ళు మాత్రం పాత పుస్తకంలో పుటల సంఖ్యతో సహా చూపి తిట్టారు. తాము నమ్మిన లోకాన్ని రాసినవాళ్ళే నమ్మకపోతే కోపం రాదా?

2020లో జాతిని బట్టి వచ్చే గుణాంకాలను ఆటగాడు మార్చుకోవచ్చునన్నారు. 2024 ఆటగాళ్ళ పుస్తకంలో ఆ గుణాంకాలు పుట్టుకను బట్టి కాక, పాత్ర గడిపిన జీవితాన్ని బట్టి వస్తాయి. ‘రేస్’ అన్న మాట పోయి ‘స్పీషీస్’ వచ్చింది. సగం ఎల్ఫు, సగం ఓర్క్ అన్నవి వేరే ఎంపికలుగా ఆ పుస్తకంలో లేవు. పుట్టుక మీద తీర్పు చెప్పరాదన్న ఉద్దేశంతో నాకు పేచీ లేదు. కాని రెండు లోకాల మధ్య ఎటూ చెందక నలిగేవాడి కథ సగం ఎల్ఫుది. ఆ కథలో తమను చూసుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. స్వేచ్ఛ పేరుతో చేసిన మార్పులో మూసుకుపోయిన తలుపుల్లో అదొకటి.

మధ్యలో వదిలేసిన 1991కి ఒక్కసారి వెనక్కి వెళ్తాను. ఆ ఏడు డార్క్ సన్ అనే లోకం వచ్చింది. అథాస్ అనే ఆ ప్రపంచం ఎండిపోయిన ఎడారి. ఇనుము అపురూపం, దేవుళ్ళు లేరు, పాలడిన్‌లు లేరు. మంత్రం వేస్తే చుట్టూ పచ్చదనం బూడిదవుతుంది, అలా కాకుండా వేయాలంటే ఓర్పు పట్టాలి. హాఫ్లింగ్‌లు నరమాంసం తింటారు. నోమ్ అనే పొట్టి జాతి అసలే లేదు. ఒకప్పుడు ఉండేది, ఊచకోతలో సమూలంగా నశించింది. లేదన్న ప్రతిదానికీ ఆ నేలమీద ఒక మచ్చ ఉంది.

కొన్నేళ్ళ క్రితం మిత్రబృందంలో ఈ లోకాన్ని నేను సూత్రధారిగా నడిపాను. ఒక మిత్రుడు నోమ్‌గా ఆడతానన్నాడు. ఆ జాతి అంతరించిందని చెప్పాను. “తెలుసు,” అన్నాడు. “ఎవరో ఒకడు చివరివాడు ఉండి ఉంటాడు కదా.” కాసేపు ఆలోచించి, ఒక్క షరతు పెట్టాను: ఆ లోకంలో నిన్ను చూసి నోమ్ అని గుర్తుపట్టగలవాడు ఎవడూ ఉండడు. సరేనన్నాడు. అతడు ఊళ్ళో అడుగుపెడితే, పొట్టివాడు గదా, హాఫ్లింగ్ అనుకుని తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కునేవారు. పూటకూళ్ళ ఇంట్లో పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. నాలుగు నెలలు ఆడాం. తన జాతి పేరు ఆ పాత్ర నోట ఒక్కసారి కూడా రాలేదు. ఒక రాత్రి ఎడారిలో, తోటివారంతా నిద్రపోయాక, తన తల్లి నేర్పిన లెక్క అంటూ తన భాషలో ఒకటి నుండి పది వరకు మెల్లగా చెప్పుకున్నాడు. ఆ అంకెల పేర్లు అతడు అప్పటికప్పుడు కల్పించినవే. ఏడు దగ్గర ఆగి, ఎనిమిది గుర్తురావడం లేదన్నాడు.